మూసా అనే పేరు, మనోజ్ బాజ్‌పేయి నటన

గత నవంబరు 21న 'ది ఫ్యామిలీ మ్యాన్' ధారావాహిక మూడవ భాగం విడుదలైన నాటి నుండి మా నూజివీడు ప్రాంతపు ముస్లిం ఇళ్లలో పాత చర్చ ఒకటి మళ్లీ రాజుకుంది. కొత్త భాగం చూసినవారు ఆగక మొదటి రెండు భాగాలనూ తిరిగి వేసుకుని చూశారు. మామిడి పూతకు మందు కొట్టించే పనుల నడుమ, ఇషా నమాజు ముగించి ఇళ్లకు వెళ్లే దారిలో, పెళ్లి విందులో పక్క పక్కన కూర్చున్నప్పుడు కూడా ఇదే ముచ్చట. మనోజ్ బాజ్‌పేయి గొప్పగా చేశాడా, సమంత గొప్పగా చేసిందా, కొత్తగా వచ్చిన జైదీప్ అహ్లావత్ ఇద్దరినీ మించాడా అని యువకులు వాదించుకుంటున్నారు. మేము కూడా ఆ మాటల్లో కలిశాము. కలిసిన కొద్దీ, మా వాళ్లు నటనను గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ ఒకచోట హఠాత్తుగా గొంతు తగ్గిస్తున్నారని గమనించాము. ఆ చోటును గురించే ఈ వ్యాసం.

ధారావాహికలు చూడటమే తప్పు, చూసినదాన్ని చర్చించడం మరో తప్పు అనే పెద్దలు మనలో ఉన్నారు. వారి మాటను మేము కాదనము. కానీ మన పిల్లలు చూస్తున్నారు. ఈ ధారావాహిక మూల భాష హిందీ కనుక ఉర్దూ మాట్లాడే మన ఇళ్లలో డబ్బింగు కోసం ఎదురుచూడవలసిన పని కూడా లేకపోయింది. 2021 జూన్‌లో రెండవ భాగం వచ్చినప్పుడు రాష్ట్రంలో కరోనా కర్ఫ్యూ నడుస్తోంది. మధ్యాహ్నానికే బజార్లు మూసివేసేవారు. రసాల కోత ముగింపు దశలో ఉండగా తోటల్లో కాపలా ఉన్న కుర్రవాళ్లు ఒకే ఫోను చుట్టూ చేరి తెల్లవారే వరకు చూశారని మాకు తెలుసు. పిల్లలు చూసినదాన్ని పెద్దలు చూడకుండా తీర్పు చెప్పడం సాక్షులను విచారించకుండా తీర్పు రాయడం వంటిది.

తెలియనివారి కోసం కథ రెండు మాటల్లో. శ్రీకాంత్ తివారీ అనే మధ్యతరగతి ఉద్యోగి ఉన్నాడు. జాతీయ దర్యాప్తు సంస్థకు అనుబంధంగా ఊహించిన 'టాస్క్' అనే విభాగంలో అతడు గూఢచారి. ఇంట్లో భార్యకూ పిల్లలకూ ఆ సంగతి పూర్తిగా చెప్పలేడు. ఇంటి అప్పు, పిల్లల బడి, పై అధికారుల చీవాట్లు ఒకవైపు. బాంబులు, కుట్రలు మరొకవైపు. 2019 సెప్టెంబరు 20న మొదటి భాగం వచ్చింది. దీనిని తీసిన రాజ్, డి.కె. ఇద్దరూ మన తెలుగువారే. చిత్తూరు జిల్లా నుండి వెళ్లి, తిరుపతి వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదివినవారు. మన రాష్ట్రపు బిడ్డలు తీసినదాన్ని దేశమంతా చూస్తోందన్న ఆనందం మాకూ ఉంది. అందుకనే మనసులోని మాట వారికి చెప్పే చనువు కూడా ఉందనుకుంటున్నాము.

మనోజ్ బాజ్‌పేయి నటన విషయంలో మా ఊళ్లో రెండు అభిప్రాయాలు లేవు. మామిడి తోటలు గుత్తకు తీసుకునే ఒక మిత్రుడు, "వాడు గూఢచారి అని నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు భాయ్, అప్పులవాడికి సమాధానం చెప్పుకునే మనిషిలాగే ఉన్నాడు" అన్నాడు. ఇంతకంటే మంచి విమర్శ మేము ఎక్కడా చదవలేదు. మా తరానికి గూఢచారి అంటే 1966లో కృష్ణ నటించిన 'గూఢచారి 116'. కోటు, తుపాకీ, చెక్కుచెదరని క్రాపు. అటువంటి చోటికి బాజ్‌పేయి నలిగిన చొక్కాతో, కునికిపాటుతో, నోటికొచ్చిన అబద్ధంతో ప్రవేశించాడు. అబద్ధం చెప్పేటప్పుడు అతడి కళ్లు ఒక క్షణం ముందే తప్పుకుంటాయి. భార్య సుచిత్రగా ప్రియమణి ఆ క్షణాన్ని పట్టుకుంటుంది, పట్టుకున్నట్లు చెప్పదు. మా ఇంట్లోని స్త్రీలు బాజ్‌పేయి కంటే ప్రియమణినే ఎక్కువ మెచ్చుకున్నారు. భర్త ఎక్కడికి వెళుతున్నాడో తెలియని భార్య మౌనాన్ని వారు మాకంటే బాగా చదవగలరు కాబోలు.

శ్రీకాంత్ వెన్నంటి ఉండే జె.కె. తల్పడే పాత్రధారి షారిబ్ హష్మీ. తెర మీద మరాఠీ హిందువు, తెర వెలుపల మన మతస్థుడు. అతడి హాస్యానికి నవ్వినవారెవరూ అతడి పేరు అడగలేదు. అడగకపోవడమే బాగుంది. అలాగే జోయా అనే అధికారిణి పాత్రలో వరంగల్ ఎన్.ఐ.టి.లో చదివిన శ్రేయా ధన్వంతరి, ఇమ్రాన్ పాషా అనే అధికారి పాత్రలో కన్నడ నటుడు కిశోర్ కనిపిస్తారు. ముస్లిం పేర్లు ఒక్క శత్రుపక్షానికే పరిమితం కాలేదని దర్శకులు ముందుగానే సమాధానం సిద్ధం చేసుకున్నారు. న్యాయంగా ఒప్పుకోవలసిందే. రెండవ భాగంలో ఫోనులోనే అన్ని రహస్యాలూ చెప్పే విశ్రాంత ఉద్యోగి చెల్లం అనే పెద్దమనిషిని ఉదయ్ మహేశ్ నటించిన తీరుకు మా యువకులు పడిపడి నవ్వారు. పదవీ విరమణ తరువాత కూడా పాత ఫైళ్ల సంగతులు చెబుతూ తిరిగే మమ్మల్ని కొంతకాలం ఆ పేరుతోనే పిలిచారు. మేము కోపగించుకోలేదు. మారుపేరు ఏ మనిషికి ఎలా తగులుతుందో ముందు ముందు చెబుతాము.

ఇక సమంత. రెండవ భాగంలో రాజీ అనే ఈలం తమిళ యువతి పాత్ర ఆమెది. ప్రచార చిత్రం వెలువడగానే తమిళనాట తీవ్రమైన వ్యతిరేకత వచ్చింది. వైకో, సీమాన్ వంటి నాయకులు ఖండించారు. 2021 మే 24న తమిళనాడు మంత్రి మనో తంగరాజ్ కేంద్ర మంత్రి ప్రకాశ్ జావడేకర్‌కు లేఖ రాసి, ధారావాహికను నిలిపివేయాలని కోరారు. ఈలం తమిళుల పోరాటాన్ని వక్రీకరిస్తున్నారన్నది వారి అభ్యంతరం. సమంత ముఖానికి నల్లరంగు పులమడం మీద కూడా విమర్శ వచ్చింది, అది సబబైన విమర్శే. అయినా జూన్ 4న ధారావాహిక విడుదలైంది. చూసిన తరువాత చాలామంది ప్రేక్షకుల మాట మారింది. రాజీ తక్కువ మాట్లాడుతుంది. బస్సులో, కర్మాగారంలో పురుషుల దౌర్జన్యాన్ని పళ్ల బిగువున భరిస్తుంది. ఆమె చేయబోయేది ఘోరమని తెలిసి కూడా ఆమె గాయం నిజమైనదని మనం నమ్ముతాము. సినిమాల్లో పాటలకు పరిమితమైన నటి ఈమేనా అని ఆశ్చర్యపోయినవారిలో మేమూ ఉన్నాము. ఆ ఏడాది ఫిలింఫేర్ వారి ఓటీటీ పురస్కారం ఆమెకు దక్కడం న్యాయమే.

ఇక్కడివరకు మా వాళ్లంతా గొంతెత్తి మాట్లాడుతారు. మొదటి భాగంలోని మూసా ప్రసంగం రాగానే గొంతు తగ్గుతుంది.

మూసా రెహమాన్ కేరళ యువకుడు. కొచ్చి తీరంలో పట్టుబడినవారిలో ఒకడు. గాయాలతో ఆసుపత్రిలో పడి ఉంటాడు. మెత్తని మాట, తల వంచుకుని చూసే చూపు, తల్లి కోసం పరితపించే కొడుకు. దారి తప్పి పశ్చాత్తాపపడుతున్న పిల్లవాడని ఆసుపత్రి నర్సు నమ్ముతుంది, అధికారులు నమ్ముతారు, ప్రేక్షకులమైన మనమూ నమ్ముతాము. మలయాళ నటుడు నీరజ్ మాధవ్ ఆ పాత్రను ఎంత సహజంగా చేశాడంటే, మా ఇంట్లో ఒక పెద్దావిడ ఆ పిల్లవాడు క్షేమంగా తల్లిని చేరాలని దుఆ కూడా చేసింది. తరువాత తెలుస్తుంది, ఆ మెత్తదనమంతా నటన అని, కుట్రకు నాయకుడు అతడేనని. ఆ మలుపు దగ్గర ప్రేక్షకులు నిర్ఘాంతపోయారు. నటుడికి జేజేలు పలికారు. నటనగా చూస్తే ఆ జేజేలకు అతడు అర్హుడే. ఒకే ముఖంతో ఇద్దరు మనుషులను చూపడం సామాన్యమైన విద్య కాదు.

మా బాధ నటుడి మీద కాదు, రచన మీద. రాజీకీ మూసాకూ మధ్య ఉన్న తేడాను మన వాళ్లు మాటల్లో పెట్టలేకపోయినా గుర్తించారు. రాజీ గాయాన్ని కథ చివరి వరకు వెనక్కి తీసుకోలేదు. ఆమె ఎంత భయంకరురాలైనా ఆమె దుఃఖం అబద్ధమని ఎవరూ మనతో చెప్పలేదు. మూసా విషయంలో కథ మన జాలిని ముందు అడిగి తీసుకుంది, తరువాత ఆ జాలి మన తెలివితక్కువతనమని తేల్చింది. క్రూరంగా కనిపించే ముస్లింను చూసి భయపడటం పాత సినిమాలు నేర్పిన పాఠం. మంచిగా కనిపించే ముస్లింను చూసి మరింత భయపడాలన్నది ఈ కొత్త పాఠం. మొదటి దాని నుండి తప్పించుకునే దారి ఉండేది. నవ్వుతూ మాట్లాడితే, మర్యాదగా ఉంటే, పక్కింటి వారికి పండుగనాడు సేమియా పంపితే సరిపోయేది. రెండవదాని నుండి దారి ఏది? నవ్వే అనుమానానికి కారణమైతే మన పిల్లవాడు ముఖం ఎలా పెట్టుకుని తిరగాలి?

పేర్ల సంగతి కూడా ఉంది. ఖుర్ఆన్‌లో అత్యధిక పర్యాయాలు ప్రస్తావనకు వచ్చిన ప్రవక్త పేరు మూసా అలైహిస్సలాం. నూట ముప్పైకి పైగా చోట్ల ఆ పేరు వస్తుంది. నిరంకుశుడైన ఫిరౌనుకు ఎదురు నిలిచి పీడితులను విడిపించిన ప్రవక్త ఆయన. యూదులకూ క్రైస్తవులకూ ఆయనే మోషే. ఆ ధారావాహికలో కుట్రకు పెట్టిన పేరు జుల్ఫికార్. అది హజ్రత్ అలీ (రజి) ఖడ్గం. కథలో ఉగ్రవాదులు పవిత్రమైన పేర్లు వాడుకోవడం వాస్తవానికి దూరం కాదని దర్శకులు అనవచ్చు. నిజమే. కానీ తెలుగు ప్రేక్షకుల్లో చాలామంది ఈ పేర్లను మొదటిసారి వింటున్నది ఇటువంటి కథల్లోనే. మా తాతల కాలంలో మూసా అనే పేరుగల పెద్దమనుషులు ఈ చుట్టుపక్కల పల్లెల్లో చాలామందే ఉండేవారు. ఊరివారంతా మూసా సాయిబు గారని పిలిచి తగవులు చెప్పించుకునేవారు. ఆ పేరుకు ఆనాడు తీర్పరి అనే అర్థం ఉండేది.

మాకు తెలిసిన కుటుంబంలో ఒక పిల్లవాడు ఉన్నాడు. తండ్రి తోటలు గుత్తకు పట్టి, చిక్కాలతో కాయ కోయించి, పెట్టెల్లో గడ్డి పరిచి లారీలకెత్తించే వ్యాపారి. పిల్లవాడు ఇంజనీరింగు రెండవ సంవత్సరం. వాడి పేరు మూసా కాదు. చిన్ననాటి నుండీ మెత్తని మనిషి, ఏది అడిగినా ముందు నవ్వి తరువాత మాట్లాడతాడు. వసతిగృహంలో మిత్రులంతా కలిసి ఒక రాత్రి మొదటి భాగం చూశారు. మూసా అసలు రూపం బయటపడిన ఘట్టంలో గదిలో ఉన్నవారంతా ఒక్కసారిగా వీడి వైపు తిరిగి నవ్వారు. వీడూ నవ్వాడు. మరునాటి నుండి వాడి పేరు మూసా అయింది.

ఇందులో దుర్బుద్ధి లేదని మేము నమ్ముతున్నాము. ఆ మిత్రులు సంక్రాంతి సెలవులకు వీడిని తమ ఇళ్లకు పిలిచినవారే, రంజాన్‌లో వీడి కోసం సహరీకి పండ్లు దాచి ఉంచినవారే. "ఏం మూసా, ఈరోజు నీళ్లల్లో ఏం కలిపావు?" అని అడగడం వారికి పరిహాసం. వాడికి కూడా కొన్నాళ్లు పరిహాసమే. తల్లి కూడా "సరదాకే అంటున్నారు కదా బేటా, నువ్వూ నవ్వేయ్" అని సర్దిచెప్పింది. తరువాత ఒక ఆదివారం వాడు బయటికి వెళ్లి వస్తుంటే, కొత్తగా చేరిన కాపలాదారు రిజిస్టరులో వాడి పేరు 'మూసా' అని రాశాడు. అందరూ అలా పిలవడం విని, అదే అసలు పేరనుకున్నాడు ఆ అమాయకుడు. సిరాతో రాసిన ఆ రెండక్షరాలను చూసినప్పుడు తన కాళ్లు చల్లబడ్డాయని వాడు మాతో చెప్పాడు. "రేపు ఏదైనా జరిగి ఎవరైనా ఆ పుస్తకం తిరగేస్తే ఏమవుతుంది చాచా?" అని అడిగాడు. ఏమీ కాదని చెప్పాము. వయసు మళ్లినవారు పిల్లలకు చెప్పే అబద్ధాల్లో అది ఒకటి.

ఎందుకంటే కాగితం మీద ఎక్కిన మాట ఎంత గట్టిదో మాకు తెలుసు. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఫైళ్ల మధ్యే బతికాము. పుట్టిన తేదీలో ఒక అంకె తప్పు పడితే దాన్ని దిద్దించుకోవడానికి మనిషి చెప్పులు అరిగేవి. ఒక మనిషి పేరు పక్కన పడిన మాటను తుడిచే నియమం ఏ నియమావళిలోనూ సులభంగా దొరకదు.

ఈ ధారావాహికలోనే ఆ సంగతి ఒకచోట ఉంది. నటన గురించిన చర్చల్లో దాని పేరు ఎవరూ ఎత్తకపోవడం మాకు వింతగా తోచింది. మొదటి భాగంలో కరీం అనే కళాశాల విద్యార్థి ఉన్నాడు. కాశ్మీరీ నటుడు అబ్రార్ ఖాజీ ఆ పాత్ర వేశాడు. వ్యవస్థ మీద కోపం ఉన్న కుర్రవాడే, కానీ ఉగ్రవాది కాడు. శ్రీకాంత్ బృందం పొరబడి అతడిని చంపుతుంది. పొరపాటు తెలిసిన తరువాత కూడా పై అధికారులు దాన్ని దిద్దరు. కాగితాల మీద కరీం ఉగ్రవాదిగానే మిగిలిపోతాడు. అక్కడ బాజ్‌పేయి చూపిన నటన మొత్తం ధారావాహికలో శిఖరం అని మా అభిప్రాయం. ఒక్క మాట కూడా లేకుండా ముఖం కుంగిపోతుంది. కానీ గమనించండి, కరీం చావు మనకు అందేది శ్రీకాంత్ వేదనగానే. దుఃఖించే హక్కు కూడా నాయకుడికే దక్కింది. మేము మాట్లాడినవారిలో మూసాను మరచినవారు ఒక్కరూ లేరు. కరీంను గుర్తు చేసినప్పుడు "ఆ పిల్లవాడా, అవును కదా" అన్నవారే ఎక్కువ. మన పిల్లల జీవితానికి దగ్గరగా ఉన్నది మూసా కాదు, కరీం.

ఇది కల్పన కాదా అంటారేమో. 2007 మే 18, శుక్రవారం. హైదరాబాదు మక్కా మసీదులో జుమా నమాజు వేళ బాంబు పేలింది. తొమ్మిది మంది చనిపోయారు. ఆ వెంటనే జరిగిన పోలీసు కాల్పుల్లో మరో ఐదుగురు ప్రాణాలు కోల్పోయారు. చనిపోయినవారు మనవారు. తరువాత పట్టుకుపోయినదీ మన యువకులనే. వారిని చిత్రహింసలు పెట్టారన్న ఆరోపణల మీద రాష్ట్ర మైనారిటీ కమిషను న్యాయవాది రవిచందర్‌ను నియమించింది, ఆయన విచారించి నివేదిక ఇచ్చారు. కేసులు నిలవలేదు. యువకులు నిర్దోషులుగా బయటికి వచ్చారు. జాతీయ మైనారిటీ కమిషను సిఫారసు మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2012లో వారికి పరిహారమూ, సత్ప్రవర్తన పత్రాలూ ఇచ్చింది. దేశంలో అంతకు ముందు ఎక్కడా వినని సంగతి అది. ఒక మనిషి ఉగ్రవాది కాడని ప్రభుత్వం ముద్ర వేసి కాగితం ఇవ్వవలసి రావడంలోని అవమానమూ ఉంది, ఊరటా ఉంది. ఆ పరిహారాన్ని 2013లో హైకోర్టు కొట్టివేసింది. ఆ యువకుల ముఖాలు ఏ ధారావాహికలోనూ ప్రధాన పాత్రలు కాలేదు.

సినిమాలో మాత్రం ఒకసారి అయ్యాయి. ఆ పాత్ర వేసినదెవరో తెలిస్తే మన యువకులు ఆశ్చర్యపోతారు. 2010 జూన్ 4న విడుదలైన 'వేదం' చిత్రంలో దర్శకుడు క్రిష్ సృష్టించిన రహీముద్దీన్ ఖురేషీ పాత్రధారి ఇదే మనోజ్ బాజ్‌పేయి. అల్లు అర్జున్, అనుష్క, మంచు మనోజ్ ఉన్న చిత్రం కనుక చాలామందికి అతడు గుర్తు లేడు. హైదరాబాదు పాతబస్తీ మనిషి. మత విద్వేషం వల్ల పుట్టబోయే బిడ్డను పోగొట్టుకుని, ఈ దేశం విడిచి షార్జా వెళ్లాలనుకుంటాడు. ముస్లిం కావడమే నేరంగా పోలీసుల చేతికి చిక్కుతాడు, దెబ్బలు తింటాడు. బాజ్‌పేయి ఆ పాత్రలో కోపాన్ని కళ్లలోనే ఆపుకుంటాడు. సరిగ్గా పదకొండేళ్ల తరువాత అదే జూన్ 4న ఫ్యామిలీ మ్యాన్ రెండవ భాగంలో అతడే అనుమానించే వైపు నిలబడ్డాడు. ఒకే నటుడు రెండు వైపులా నిలిచాడు. అనుమానానికి గురైన మనిషిగా అతడు చేసిన నటనను అనుమానించే అధికారిగా చేసిన నటనతో పోల్చి చూసిన తెలుగు ప్రేక్షకుడు మాకు ఇంతవరకు తారసపడలేదు.

'వేదం' కూడా లోపం లేనిది కాదు. చివరికి రహీముద్దీన్ తనను హింసించిన అధికారినే ఉగ్రవాదుల దాడి నుండి కాపాడవలసి వస్తుంది. 2002లో వచ్చిన 'ఖడ్గం'లో ప్రకాశ్ రాజ్ వేసిన అంజద్ అనే ఆటో డ్రైవరు కూడా తన దేశభక్తిని అడుగడుగునా రుజువు చేసుకోవలసినవాడే. ప్రకాశ్ రాజ్ ఎంత బాగా చేశాడో మేము చెప్పనక్కరలేదు. అయినా ముస్లిం పాత్రకు తెర మీద రెండే ఉద్యోగాలు ఉన్నట్లున్నాయి. బాంబు పెట్టడం, లేదా బాంబుకు ఎదురు వెళ్లడం. మామిడి పెట్టెలు లెక్కపెట్టుకునే ముస్లిం, పదవ తరగతి లెక్కల పరీక్షకు భయపడే ముస్లిం, పింఛను ఆలస్యమైతే ఖజానా కార్యాలయం చుట్టూ తిరిగే ముస్లిం గూఢచారి కథలో ఎక్కడ ఇముడుతాడని అడగవచ్చు. శ్రీకాంత్ తివారీ ఇమిడాడు కదా. ఇంటి అప్పు, బడి ఫీజు, భార్య అలక అన్నీ కథలోకి తెచ్చి అతడిని మన మనిషిని చేసినవారే కదా ఈ దర్శకులు. ఆ విద్య వారి చేతిలో ఉంది. ఒక్క ఇంటికే ఎందుకు ఖర్చు చేశారన్నదే మా ప్రశ్న.

దీన్ని నిషేధించాలని మేము కోరడం లేదు. తమిళుల తరఫున లేఖ రాయడానికి ఒక రాష్ట్ర ప్రభుత్వం ఉంది, మనకు అటువంటి అండ లేదు, ఉన్నా నిషేధం కోరకూడదనే మా మతం. మొదటి భాగం వచ్చినప్పుడు ఆర్.ఎస్.ఎస్. భావజాలపు పత్రిక 'పాంచజన్య' ఈ ధారావాహిక ఉగ్రవాదుల పట్ల సానుభూతి కలిగిస్తోందని మండిపడింది. మనం మూసాను చూసి బాధపడితే వారు మరోవైపు నుండి బాధపడ్డారు. ఇద్దరి మాటా విని నిషేధిస్తే ముందు పోయేది కరీం దృశ్యమే.

మా సాయంకాలపు ట్యూషన్ గదిలో గత నెల ఒక ఆదివారం పెద్ద పిల్లలకు 'వేదం' చూపించాము. పిలిచినవారిలో హిందూ కుటుంబాల పిల్లలూ వచ్చారు, పక్క వీధిలో ఉండే విశ్రాంత ఉపాధ్యాయులు కూడా వచ్చి కూర్చున్నారు. సినిమా అయ్యాక ఒక అమ్మాయి, "ఖురేషీ, శ్రీకాంత్ ఒకరికొకరు ఎదురుపడితే ఏమవుతుంది తాతగారూ?" అని అడిగింది. మాస్టారు మా వైపు చూశారు. "సాయిబు గారూ, దీనికి మీరే చెప్పాలి" అన్నారు. మేము చెప్పలేకపోయాము. ఆ ప్రశ్నను ఇక్కడ రాస్తున్నది తెలుగువారైన ఆ దర్శకుల వరకు చేరుతుందేమోనన్న ఆశతోనే.

గుత్తదారు కొడుకు ఆ ఆదివారం రాలేదు. రెండు రోజుల తరువాత మా ఇంటికి వచ్చాడు. వసతిగృహం మారాలనుకుంటున్నానని, దరఖాస్తు రాసి పెట్టమని అడిగాడు. మిత్రుల మీద ఫిర్యాదు చేయడం వాడికి ఇష్టం లేదు, వాళ్లు మంచివాళ్లే అని మూడుసార్లు చెప్పాడు. దరఖాస్తు నమూనా తెచ్చుకున్నాడు. పేరు, తరగతి, గది సంఖ్య నింపాము. నాలుగవ గడి దగ్గర కలం ఆగింది. 'మార్పు కోరడానికి కారణం' అని ఉంది. "ఏం రాయాలి చాచా?" అన్నాడు. ఎన్ని వేల దరఖాస్తులు చూసిన చేతులో మావి. కొంతసేపు ఆలోచించి, 'వ్యక్తిగతం' అని రాయించాము.